చెన్నైలో స్వాన్ లేక్: మాల్‌లో ఒకసారి, టీవీలో పదిసార్లు, బాల్కనీలోంచి ఒకసారి

ముందే చెప్పేస్తున్నా. చెన్నైకి లైవ్ బ్యాలే ఏదైనా వస్తే ముందు వరస సోఫాల మీద డబ్బులు తగలెయ్యకండి, బాల్కనీ కొనుక్కోండి, అందులోనూ పక్క చివర సీటు దొరికితే మరీ మంచిది. ఎందుకో చెప్పాలంటే కాస్త పొడుగవుతుంది, ఓపికుంటే చదవండి.

ఈ రెండు నెలల్లో స్వాన్ లేక్ అనే పాత రష్యన్ బ్యాలేని (హంసగా మారిన అమ్మాయికీ ఒక యువరాజుకీ మధ్య నడిచే కథ) మూడు రకాలుగా చూశా. మాల్‌లో మల్టీప్లెక్స్ తెర మీద రికార్డింగు, ఇంట్లో స్ట్రీమింగు, ఆ తర్వాత నిజం మనుషులు నిజం స్టేజి మీద. వరసగా 650 రూపాయలు, నెలకి వెయ్యి చిల్లర, 2,500. కన్వీనియన్స్ ఫీజులు అదనం, ఎవడి కన్వీనియన్సో మాత్రం ఇంతవరకూ అర్థం కాలేదు.

నాకీ పిచ్చి ఎక్కడిదంటే, మాది తెనాలి. నాన్న విశాలాంధ్ర పేపరుతో పాటు సోవియట్ భూమి పత్రిక కూడా తెప్పించేవారు. ఆ కాగితం నున్నగా మెరుస్తూ ఉండేది, ఆయన చదవడం అయిపోగానే మా స్కూలు పుస్తకాలకి అట్టలు దాంతోనే వేసుకునేవాళ్ళం. ఐదో క్లాసులో నా లెక్కల పుస్తకం అట్ట మీద తెల్ల గౌను వేసుకుని, తలకి ఈకలు పెట్టుకుని, ఒంటికాలి వేళ్ళ కొస మీద నిలబడ్డ అమ్మాయి. ఏడాదంతా భిన్నాలు చేస్తూ ఆ కాలినే చూసేదాన్ని, నొప్పెట్టదా ఈ పిల్లకి అని. 1991 ఆగస్టులో మాస్కోలో కుట్ర జరిగి రోడ్ల మీదకి ట్యాంకులు వచ్చినప్పుడు అక్కడి టీవీలో వార్తలకి బదులు స్వాన్ లేక్ తిప్పి తిప్పి వేశారని చాలా ఏళ్ళ తర్వాత చదివా. మా ఇంటికి మాత్రం ఆ దెబ్బ ఇంకోలా తగిలింది, పత్రిక రావడం ఆగిపోయింది, మళ్ళీ ఖాకీ అట్టలే.

ఇంకో గమ్మత్తు ఏంటంటే మన తెలుగువాళ్ళకి బ్యాలే అనే మాట ఎప్పటినుంచో ఉంది, కాకపోతే అర్థం వేరు. మా పిన్ని డెబ్భైల్లో ఇక్కడే మద్రాసులో వెంపటి చినసత్యం గారి కూచిపూడి ఆర్ట్ అకాడమీలో నేర్చుకుంది. ఆవిడ దృష్టిలో బ్యాలే అంటే శ్రీకృష్ణ పారిజాతం, క్షీరసాగర మథనం, చండాలిక. "మాస్టారి బ్యాలే" అనే అంటుంది ఇప్పటికీ. నేను బ్యాలేకి వెళ్దాం రా పిన్నీ అంటే "ఎవరు వేస్తున్నారు, సత్యభామ ఎవరు" అని అడిగింది. సత్యభామ కాదు పిన్నీ, హంస అన్నా. "హంస రాయబారమా?" అంది. సరే, అక్కణ్ణుంచి మొదలైంది.

మొదట మల్టీప్లెక్స్ సంగతి. పేరు రాయను, అందరికీ తెలిసిన మాలే. విదేశీ కంపెనీల బ్యాలే రికార్డింగులు అప్పుడప్పుడూ ఇలా ఒక ఆదివారం పొద్దున్న ఒకే ఒక్క షో వేస్తుంటారు, యాడ్ కూడా పెద్దగా ఉండదు, యాప్‌లో బాగా కిందికి వెళ్తే కనబడుతుంది. హాల్లో లెక్కపెడితే 23 మందిమి. తెర పెద్దది, సీట్లు బావున్నాయి, ఏసీ మాత్రం మనల్ని కూరగాయలనుకుని నిలవ చేస్తున్నట్టుంది. మొదటి గంట స్వర్గం. ఆర్కెస్ట్రా సౌండు నాలుగు వైపుల నించీ వస్తుంటే, రెండో అంకంలో సరస్సు ఒడ్డున యువరాజు, ఆ హంస పిల్ల ఓడెట్ కలిసి చేసే నెమ్మదైన డ్యూయెట్ ఉంటుంది కదా, ఒంటరిగా వయొలిన్ మొదలవుతుంది, మెల్లగా చెల్లో వచ్చి చేరుతుంది, ఆ పిల్ల మొహం తిప్పుకుని వెనక్కి వాలబోతోంది, అతను పట్టుకోబోతున్నాడు, సరిగ్గా అక్కడ తెర నల్లబడి, లైట్లు వెలిగి, ఇంటర్వెల్!

పాప్‌కార్న్ అబ్బాయి ట్రే పట్టుకుని లోపలికొచ్చాడు. ఓడెట్ ఇంకా గాల్లోనే ఉంది.

అసలు బ్యాలేకి దాని సొంత ఇంటర్వెల్ ఉంటుంది, రికార్డింగులోనే వస్తుంది. ప్రొజెక్షన్ వాళ్ళు మన సినిమాల అలవాటు కొద్దీ గంట దాటగానే ఒక కోత పెట్టేసినట్టున్నారు. తీరా రెండో అంకం అయ్యాక అసలు ఇంటర్వెల్ వచ్చింది, తెర మీద ఎర్ర పరదా, మూల పదిహేను నిమిషాల గడియారం వెనక్కి తిరుగుతోంది, ఈసారి మాత్రం లైట్లు వెయ్యలేదు. 23 మందిమీ చీకట్లో కూర్చుని పరదాని చూశాం. దాని కంటే ఘోరం, ఆ కోత తర్వాత నుంచీ బొమ్మ కింది అంచు తెర బయటికి పోయింది. అంటే పాదాలు లేవు. సినిమాలో హీరో పాదాలు తెగిపోతే ఎవరికీ పట్టదు, బ్యాలేలో పాదాలు తెగిపోతే ఇక చూడటానికి ఏముంది చెప్పండి. బయటికెళ్ళి వాకీటాకీ పట్టుకున్న అబ్బాయికి చెప్పా. "మేడమ్, కంటెంటే అప్పడి దా" అన్నాడు చాలా మర్యాదగా. కంటెంట్ అలా రాలేదు నాయనా, మీ లెన్స్ అలా పెట్టారు అని నాకొచ్చిన అరకొర తమిళంలో వివరించా, తలూపాడు, మూడో అంకంలో కాళ్ళు వచ్చాయి. బహుశా నన్ను వదిలించుకోవడానికి. రేటింగ్ అడిగితే మొదటి గంటకి అయిదు, ఆ తర్వాతది ఇవ్వను.

ఆ కోపంతోనే ఇంటికొచ్చి స్ట్రీమింగ్ కట్టా. ఒక పెద్ద ఒపెరా హౌస్ వాళ్ళది. పాతవి కొత్తవి బోలెడున్నాయి. నా దురద తీరేదాకా చూశా. ఇక్కడో విషయం ఒప్పుకోవాలి, నేను చిన్నప్పుడు రెండేళ్ళు కూచిపూడి నేర్చుకుని మానేసిన బాపతు, మనకి డాన్సంటే ముందు మొహం చూడటం అలవాటు. కళ్ళు ఎటు తిరిగాయి, పెదవి ఎలా విరిచింది, సత్యభామ జడ ఎలా విసిరింది. అందుకే మొదట్లో ఈ రికార్డింగుల్లో క్లోజప్పులు వస్తుంటే అబ్బ ఎంత బావుంది అనుకున్నా. కొన్నిచోట్ల నిజంగానే బావుంటుంది. జిసెల్ ఉంది, 1841లో పారిస్‌లో మొదటిసారి ఆడింది, పల్లెటూరి పిల్ల, ప్రేమించినవాడు మారువేషంలో ఉన్న జమీందారు, పైగా వాడికి ఇంకొకత్తెతో పెళ్ళి కుదిరి ఉందని తెలిసి మతి పోతుంది. లండన్ రాయల్ బ్యాలేలో నటాలియా ఒసిపోవా, కార్లోస్ అకోస్టా చేసిన 2014 రికార్డింగులో ఆ మతిపోయే ఘట్టం కెమెరా లేకపోతే నాకు సగం అందేది కాదు. జుట్టు విడిపోయి మొహం మీద పడి, కళ్ళు ఎవరినీ చూడకుండా తిరుగుతుంటే నేను ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చా. అక్కడ కెమెరాకి దణ్ణం.

కానీ రెండో అంకంలో చనిపోయిన ఆడపిల్లల ఆత్మలన్నీ తెల్ల బట్టల్లో రెండు వైపుల నించీ ఒంటికాలి మీద గెంతుతూ ఎదురుబదురుగా వచ్చి ఒకళ్ళ వరసలోంచి ఇంకొకళ్ళు దాటి వెళ్తారు, ఒళ్ళు జలదరించే చోటది. చాలా రికార్డింగుల్లో సరిగ్గా అప్పుడే కెమెరా ఎవరో ఒకమ్మాయి భుజాల దగ్గరికి పరిగెడుతుంది. అయ్యా, నాకు ఆ అమ్మాయి చెవి కమ్మలతో పనిలేదు, వరస చూపించు! డాన్స్ చేస్తుంటే తల నుంచి కాలి దాకా మొత్తం ఫ్రేములో ఉండాల్సిందే అని హాలీవుడ్‌లో డాన్సుల హీరో ఫ్రెడ్ ఆస్టెయిర్ పట్టుబట్టేవాడట. ఆయన ఆ పట్టు పట్టి తొంభై ఏళ్ళు కావస్తోంది, ఇంకా ఎవరూ వినట్లేదు.

పాతవాటిలో ఒకటి చెప్పాలి, మార్గోట్ ఫాంటెయిన్, రుడాల్ఫ్ నురేయెవ్ వియన్నాలో చేసిన స్వాన్ లేక్, 1966 ఫిల్ము. ఆవిడకి అప్పుడు దాదాపు 47 ఏళ్ళు. అంతకు రెండేళ్ళ ముందు అదే వియన్నాలో వాళ్ళిద్దరి స్వాన్ లేక్ అయ్యాక జనం చప్పట్లు ఆపక 89 సార్లు పరదా ముందుకొచ్చి నమస్కారం పెట్టాల్సి వచ్చిందని గిన్నిస్ రికార్డు. ఫిల్ములో రంగులు కాస్త వెలిసినట్టు ఉంటాయి, సెట్టు అట్టముక్కల్లా ఉంటుంది, అయినా ఆవిడ చేతులు చూస్తే ఇంకేం చూడబుద్ధి కాదు. ఇది రికార్డింగ్ లేకపోతే తెనాలి పిల్లకి దొరికేదా? దొరకదు కదా. అందుకే రికార్డింగుని తిట్టి లైవ్‌ని నెత్తిన పెట్టుకునే జాతి కాదు నేను.

అయితే రిమోట్ చేతిలో ఉండటం ఒక జబ్బు. మూడో అంకంలో నల్ల హంస ఓడిల్ ఒంటికాలి మీద 32 చుట్లు తిరుగుతుంది, ఫుయెటేలు అంటారు. ఒక కాలు వేళ్ళ కొస మీద లేస్తూ దిగుతూ ఉంటుంది, రెండోది కొరడా విసిరినట్టు పక్కకి విసురుతుంటుంది. 1895లో పీటర్స్‌బర్గ్‌లో పెటిపా, ఇవనోవ్ అనే డాన్స్ మాస్టర్లు కలిసి స్వాన్ లేక్‌ని మళ్ళీ కట్టినప్పుడు పియెరీనా లెన్యాని అనే ఇటాలియన్ డాన్సర్ అందులో చేసింది, అంతకు ముందు సిండరెల్లాలో ఆల్రెడీ చేసి అందరి నోళ్ళూ మూయించింది, అప్పట్నుంచీ ఇదొక పరీక్ష అయిపోయింది. (అసలు 1877లో మాస్కోలో మొదటిసారి వేసినప్పుడు స్వాన్ లేక్ పెద్దగా ఆడలేదు, దీనికి సంగీతం రాసిన చైకోవ్‌స్కీ ఈ రెండో అవతారం చూడకుండానే 1893లో పోయాడు పాపం.) నేను ఆ ముప్ఫై రెండు చుట్లూ వెనక్కి తిప్పి తిప్పి చూశా, స్లో చేసి చూశా, తల చివరిదాకా ఆగి చటుక్కున తిరగడం చూశా, కళ్ళు ఒకేచోట నిలిపితే తల తిరగదట. నలుగురు డాన్సర్లని పోల్చి చూశా. పదోసారికి అది జిమ్ వీడియోలా అయిపోయింది. కూర అదేపనిగా రుచి చూస్తే ఉప్పు తెలియకుండా పోతుందే, అలా.

పిన్ని వాళ్ళుండేది మందవెళి. ఒక శనివారం వేళచ్చేరి నుంచి లోకల్ ట్రైనెక్కి వెళ్ళి ఆవిడ టీవీకి స్ట్రీమింగ్ తగిలించి లా బయదేర్ పెట్టా. తప్పు చేశా. అది మన ఇండియాలో జరిగే కథ అన్నమాట, అంటే పీటర్స్‌బర్గ్‌లో కూర్చుని 1877లో పెటిపా ఊహించుకున్న ఇండియా. గుడి నర్తకి నికియా, యోధుడు సోలోర్, రాజకుమారి గంజట్టి. గంజట్టి ఏ ఊరి పేరే అని పిన్ని. ఫకీర్లు జుట్టు విరబోసుకుని మంట చుట్టూ గెంతుతుంటే "ఎవరే వీళ్ళు, పేరంటాలమ్మ తిరణాల్లో కూడా ఇలా గెంతరు" అంది. నేను నవ్వు ఆపుకుంటూ ఆ మాట పుట్టుక చెప్పా, బయదేర్ అంటే పోర్చుగీసు బైలాదైరా నుంచి వచ్చింది, నాట్యం చేసే ఆమె అని అర్థం, మన దేవదాసీలని వాళ్ళు అలా పిలిచేవాళ్ళు. 1838లో కడలూరు పక్కన తిరువేందిపురం నుంచి దేవదాసీల బృందం ఒకటి నిజంగానే పారిస్ వెళ్ళి థియేటర్లో ఆడింది, అందులో అమ్మణి అనే ఆవిడని చూసి గోతియే అనే రచయిత మైమరిచిపోయి రాశాడు, అదే గోతియే మూడేళ్ళకి జిసెల్ కథ రాసినవాళ్ళలో ఒకడు. పిన్ని టీవీ వైపు చూడ్డం మానేసి నా వైపు తిరిగింది. "తిరువేందిపురమా? దేవనాథస్వామి గుడి ఊరా? మనం వెళ్ళాం కదే పోయినేడు!" అవును వెళ్ళాం, పులిహోర ప్రసాదం తిని వచ్చాం, ఈ సంగతి అప్పుడు నాకూ తెలీదు.

అలా వేళాకోళం చేస్తూ చేస్తూ ఛాయల రాజ్యం అనే ఘట్టం దాకా వచ్చాం. సోలోర్ నల్లమందు మత్తులో ఉంటే చనిపోయిన నికియా నీడలు కొండ మీంచి ఒక్కొక్కరుగా దిగుతాయి. ఒకమ్మాయి వస్తుంది, ఒక కాలు వెనక్కి చాచి ముందుకి వంగుతుంది, లేచి రెండడుగులు, మళ్ళీ అదే, వెనక ఇంకో అమ్మాయి, ఇంకో అమ్మాయి, అందరిదీ అదే అడుగు, 24 మంది, కొన్ని కంపెనీల్లో 32, స్టేజి నిండేదాకా. మొదట దిగిన పిల్ల ఆ అడుగు ఎన్నిసార్లు వెయ్యాలో ఆలోచించండి. పిన్ని నోరు మూసుకుంది. చాలాసేపటికి "ముందు పిల్లని కాదే, చివరి పిల్లని చూపించమను, పైన చీకట్లో తన వంతు కోసం నించుందే, దాన్ని" అంది. కెమెరాకి చెప్పలేం కదా పిన్నీ అన్నా.

తర్వాత లైవ్. యూరప్ నుంచి వచ్చిన టూరింగ్ కంపెనీ, సిటీ మధ్యలో ఒక ఆడిటోరియం, రెండింటి పేర్లూ వద్దు, ఎందుకంటే తిట్లు కొన్ని ఉన్నాయి. టికెట్లు 2,500, 4,000, 6,000. మా ఆఫీసులో ఒకతను 6,000 పెట్టి మూడో వరస కొన్నాడు. నేనూ పిన్నీ బాల్కనీ, ఎడమ చివర. ఆరున్నరకి అన్నారు, ఏడుంబావుకి మొదలైంది, ఎందుకంటే చీఫ్ గెస్ట్ రాలేదు. ఆయన వచ్చాక జ్యోతి ప్రజ్వలన. స్వాన్ లేక్‌కి జ్యోతి ప్రజ్వలన ఏంటో, సరే మన పద్ధతి, కాదనను. కానీ కుంది తెచ్చి నేరుగా డాన్స్ కోసం పరిచిన వినైల్ షీట్ మీదే పెట్టారు, నూనె నాలుగు చుక్కలు కారింది, బాల్కనీలోంచి నాకే కనిపించింది. పెద్దలంతా దిగగానే పక్కనించి నల్ల టీషర్టు వేసుకున్న ఒకావిడ, వాళ్ళ స్టేజి మేనేజర్ అనుకుంటా, గుడ్డ పట్టుకుని పరిగెత్తుకొచ్చి మోకాళ్ళ మీద కూర్చుని ఆ చోటు తుడిచి, చేత్తో రాసి చూసి, మళ్ళీ తుడిచి, చెప్పు విప్పి పాదంతో రుద్ది చూసుకుని అప్పుడు వెళ్ళింది. ఆ నూనె మీద వేళ్ళ కొసతో ఎవరైనా కాలేస్తే మడమ విరుగుతుంది. జనం ఎవరూ గమనించలేదు, చప్పట్లు చీఫ్ గెస్ట్‌కి.

మ్యూజిక్ రికార్డెడే. చెన్నైకి అరవై మంది ఆర్కెస్ట్రాని ఎవడు మోసుకొస్తాడు, అర్థం చేసుకోగలను. స్పీకర్లలో గుయ్ మని ఒక హమ్ మాత్రం మొదట్నుంచీ చివరిదాకా, మల్టీప్లెక్స్ సౌండు విన్న చెవులకి ఇది పక్కింటి పెళ్ళి మైకులా ఉంది. హంసలు 16 మందే, పెద్ద కంపెనీల్లో 24 మంది ఉంటారు. స్టేజి చిన్నది కాబట్టి వాళ్ళు కూడా సర్దుకుని సర్దుకునే నించున్నారు. ఇవన్నీ మైనస్సులు, రాసేశా.

ఇక ప్లస్సు. రెండో అంకంలో హంసలు ఒక్కొక్కరుగా వచ్చి మెలికలు తిరుగుతూ స్టేజి నింపుతారు కదా, ఇన్నేళ్ళుగా అది నేను ముక్కలు ముక్కలుగానే చూశానని ఆ రోజే తెలిసింది. బాల్కనీలోంచి కిందికి చూస్తే అచ్చం మెలికల ముగ్గు. చుక్కలు పెట్టి, గీత ఎక్కడా తెగకుండా చుట్టుకుంటూ పోయి మళ్ళీ మొదలైన చోటికి వస్తామే, అదే. ముగ్గుని నేల మీద పడుకుని ఎవరైనా చూస్తారా? నిలబడి పైనించే చూడాలి. కూచిపూడికి ముందు వరస కావాలి, కళ్ళు కనబడాలి కాబట్టి. దీనికి దూరం కావాలి. 6,000 పెట్టిన మా ఆఫీసతన్ని మర్నాడు అడిగితే స్టేజి ఎత్తుగా ఉంది, ముందు సోఫాల్లో పెద్దమనుషుల తలలు, నాకు మోకాళ్ళ నుంచి పైకే కనబడ్డారు అన్నాడు. అంటే అతను మల్టీప్లెక్స్ ఫ్రేమే చూశాడు, తొమ్మిది రెట్లు డబ్బిచ్చి.

ఇంకోటి, చప్పుడు. రికార్డింగుల్లో ఇది దాదాపు వినపడదు. ఆ గట్టి ముక్కు ఉన్న షూ, లోపల గుడ్డ, అట్ట, జిగురు పొరలు పొరలుగా వేసి చేస్తారు, ఒక్కోసారి ఒక్క షోకే ఒక జత చచ్చిపోతుంది. 16 మంది ఆ షూలతో పరిగెడితే రేకుల షెడ్డు మీద వాన మొదలైనట్టు టపటపటప. మొదట నవ్వొచ్చింది, హంసలేంటి ఇంత బరువు అని. పిన్ని చెయ్యి నొక్కింది. "మనం గజ్జె కట్టి మరీ చప్పుడు చేస్తాం, వీళ్ళు చప్పుడు దాచాలని చూస్తున్నారే. నేల మీద ఉన్నా లేనట్టు నటించాలి. పళ్ళెం మీద తరంగం కంటే కష్టం" అంది. పళ్ళెం మీద తరంగం చేసిన మనిషి ఆ మాట అంటే దానికో విలువుంది. అరమండి ఉందే అంది కాసేపటికి, మోకాళ్ళు బయటికి తిప్పడం మనలాగే ఉంది గానీ మనం కిందికి కూర్చుంటే వీళ్ళు పైకి లేస్తున్నారు అని. భరతనాట్యం రుక్మిణీదేవి అరండేల్ కూడా ముందు రష్యన్ బ్యాలే డాన్సర్ పావ్లోవాని చూసి బ్యాలే మీద మోజుపడి పావ్లోవా బృందంలో క్లియో నార్డీ దగ్గర పాఠాలు నేర్చుకుందట, మీ దేశం డాన్స్ వెతుక్కో అని పావ్లోవాయే చెప్పిందట, ఆ తర్వాతే కదా 1936లో ఇక్కడ కళాక్షేత్ర డాన్స్ స్కూలు పెట్టింది. పిన్నికి ఇదంతా ముందే తెలుసు, నేను కొత్తగా కనిపెట్టినట్టు చెప్తుంటే వింది పాపం.

పక్క చివర సీటు అన్నాను కదా, అక్కణ్ణుంచి కుడివైపు రెక్కలు, అదే స్టేజి పక్కన తెరల వెనక సందు, కనబడుతుంది. నలుగురు చిన్న హంసలు చేతులు అడ్డంగా పెనవేసుకుని ఒకేలా తలలు తిప్పుతూ చేసే ముక్క అయిపోయి, చిరునవ్వుతో లోపలికి వెళ్ళారు. తెర దాటిన మరుక్షణం అందులో ఒకమ్మాయి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోయింది, వీపు ఎగసిపడుతోంది, ఎవరో నీళ్ళ సీసా ఇస్తే వద్దని తల ఊపి, రెండో చేత్తో చెక్కపెట్టెలో రంపం పొట్టులాంటి రోజనం మీద షూ ముక్కు రుద్దుకుంటోంది జారకుండా. పది గుక్కలు ఊపిరి తీసుకుందేమో. మళ్ళీ బయటికొచ్చేటప్పటికి మెడ నిటారుగా, మొహం మీద చెమట లేదు, ఎక్కడ తుడుచుకుందో కూడా తెలీదు.

ముప్ఫై రెండు చుట్ల దగ్గర జనం పదో చుట్టు నుంచే చప్పట్లు మొదలెట్టారు, అదీ మ్యూజిక్‌కి ముందు ఒకటి వెనక ఒకటి. ముందు వరసల్లో ఫోన్లన్నీ లేచాయి, లైవ్‌కి వచ్చి రికార్డింగ్ చూస్తున్నారు మహానుభావులు. పిన్ని వేళ్ళ మీద లెక్కపెడుతోంది. ఇరవై దాటాక ఆ పిల్ల నించున్న కాలు కొంచెం కొంచెంగా ముందుకి జరగడం మొదలైంది, ఇరవై ఆరో ఏడో దగ్గర ఒక్క క్షణం మడమ కిందికి తగిలింది, నా గుండె గొంతులోకొచ్చింది, ఆమె ఆగకుండా వేరే రకం చుట్లలోకి మార్చేసి స్టేజి చుట్టూ తిరిగి మ్యూజిక్‌తో పాటే ఠక్కున ఆగింది. పది రికార్డింగుల్లో ముప్ఫై రెండుకి ముప్ఫై రెండు చూశా, వాటిలో చాలా వాటికి రెండు మూడు షోలు షూట్ చేసి మంచి ముక్కలు అతుకుతారు, ఒక్కదానికీ నా చేతులు సీటు పట్టుకోలేదు. ఇదే అసలైనది, అవన్నీ ఉత్తవి అని మాత్రం అనను, ఆ పది చూసి ఉండకపోతే ఆ మడమ తగలడం నాకు కనబడేదే కాదు.

ఇంటర్వెల్‌లో కాఫీ బావుంది, 40 రూపాయలు. బాత్‌రూమ్ క్యూ గురించి రాయను. పార్కింగ్ సంగతి నాకు తెలీదు, మేం ఆటోలో వెళ్ళాం.

చివర్లో సన్మానం. టుటు మీద, అంటే ఆ బ్యాలే గౌను మీద, శాలువా ఎలా కప్పాలో చీఫ్ గెస్ట్‌కి తెలియక రెండుసార్లు ప్రయత్నించారు, అది చక్రంలా విచ్చుకుని ఉంటుంది కదా, దగ్గరికి పోతే పొట్టకి తగులుతోంది. ఆ అమ్మాయి ఒగరుస్తూనే వంగి మెడ ఇచ్చింది. చందనం మాల వేసి, మెమెంటో ఇచ్చి, ఫోటో తీశారు. వెనక 16 మంది హంసలూ వరసలో నించునే ఉన్నారు, వాళ్ళకేం లేదు. పిన్ని లేచి నించుని చప్పట్లు కొడుతూ కుడివైపు చివర ఉన్న పిల్లనే చూస్తోంది. యువరాజు, ఓడెట్ డ్యూయెట్ సాగినంతసేపూ, ఆరేడు నిమిషాలు, ఆ పిల్ల ఒక కాలు వెనక మడిచి, చేతులు ముందు జోడించి కదలకుండా నించుంది, అందరూ అలాగే నించున్నారు గానీ ఈ పిల్ల నించున్న చోట లైటు కూడా పడలేదు. ఆటోలో అడిగా, దాన్నే ఎందుకు చూశావు పిన్నీ అని. "నేను మాస్టారి దగ్గర పదకొండేళ్ళు ఉన్నా. పారిజాతంలో చెలికత్తెని. ఎప్పుడూ చివరి చెలికత్తెనే, పొడుగని వెనక్కి పెట్టేవారు. మా అమ్మ ప్రతి షోకి వచ్చి నన్నొక్కదాన్నే చూసేది, సత్యభామ ఎవరో కూడా ఆవిడకి తెలీదు" అంది, అని ఆటో అబ్బాయితో లజ్ కార్నర్ దగ్గర ఆపమని తమిళంలో చెప్పి మల్లెపూలు కొంది.

ఆ తర్వాత నాలుగు రోజులకి ఫోన్ చేసింది. యూట్యూబ్‌లో స్వాన్ లేక్‌లు వరసపెట్టి చూస్తోందట, కళ్ళు లాగుతున్నాయట. "అమ్మడూ, ఒక్కళ్ళూ ఆ చివర పిల్లని చూపించట్లేదే, ఎప్పుడు చూసినా ఆ రాణీగారి మొహమే. మీ డబ్బులు కట్టేదాంట్లో ఉంటుందేమో, దాని పాస్‌వర్డ్ పంపు" అంది. ఈ నెలాఖరుకి కాన్సిల్ చేద్దామనుకున్నా, ఇంకో నెల కట్టా.